మనం కొన్న పెట్టెకి తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(అడిలైడ్‌లో ఒక కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఏదైనా చరిత్ర విషయం మీద మాట్లాడమని కార్యక్రమం నిర్వాహకులు అడిగారు. చరిత్ర అనగానే కాకతీయులో, కృష్ణదేవరాయలో అనుకుంటారు కదా. నేను చదివింది కంప్యూటర్లు, చేసేది ఐటీ కన్సల్టెంటు ఉద్యోగం. అందుకని నాకు తెలిసిన చరిత్రే చెప్తాను: మన టీవీ కింద పడుండే చిన్న పెట్టె చరిత్ర. నవ్వకండి! పాతికేళ్ళ చరిత్ర ఉంది దానికి. అందులో కోర్టు కేసులున్నాయి, దొంగలున్నారు, చివర్లో మా అమ్మ కూడా ఉంది.

మాసన్ లేక్స్ ఎక్కడో తెలియని వాళ్ళకి ఒక్క మాట. అడిలైడ్‌కి ఉత్తరాన, సాలిస్‌బరీ కౌన్సిల్ కిందకి వచ్చే పేట ఇది. భూగర్భ శాస్త్రవేత్త సర్ డగ్లస్ మాసన్ పేరు పెట్టారు. ఆయన 1911-14 అంటార్కిటికా యాత్రలో మక్వారీ దీవి మీద వైర్‌లెస్ స్తంభాలు నిలబెట్టించి, మంచు ఖండం నుంచి బయటి ప్రపంచానికి రేడియో కబుర్లు పంపించాడు. అంతకుముందు ఏ యాత్రా ఆ పని చెయ్యలేదు. ఆయన పేరున్న ఊరివాణ్ణి రేడియోలో మాట్లాడమనడం బాగానే కుదిరింది! ఇక్కడ ఇళ్ళకి రెండు రకాల నీళ్ళు వస్తాయి. ఊదా రంగు పైపులో వచ్చేది శుద్ధి చేసి తిప్పి పంపే నీరు. మొక్కలకి, మరుగుదొడ్లకి మాత్రమే, తాగకూడదు. అమ్మ వచ్చిన మొదటిరోజే ఆ కుళాయి చూపించి జాగ్రత్త చెప్పాను. ఆ జాగ్రత్త టీవీ పెట్టె విషయంలో నాకే లేకపోయింది. అది తర్వాత చెప్తాను.

ముందు రెండు మాటలకి అర్థం. పెట్టెలో పుట్టుకతోనే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. ఉన్నదాన్ని తుడిచేసి ఇంకొకటి ఎక్కించడాన్ని ఫ్లాష్ చెయ్యడం అంటాం. ఇక రూట్ అంటే ఆ పెట్టెలో సర్వాధికారం. మామూలుగా మీరు కొన్న పెట్టెలో ఆ అధికారం మీకుండదు, తయారుచేసినవాడి దగ్గరే ఉంటుంది. ఇల్లు మీ పేర రిజిస్టరు చేసి, తాళంచెవి మాత్రం బిల్డరు తన జేబులో వేసుకుని పోయినట్టన్నమాట. ఆ తాళంచెవి కోసం జరిగిన పెనుగులాటే ఈ చరిత్ర.

1999లో అమెరికాలో టివో అనే పెట్టె వచ్చింది. టీవీ కార్యక్రమాలని హార్డ్‌డిస్క్ మీద రికార్డు చేసేది. లోపల నడిచేది లినక్స్. ఆస్ట్రేలియాకి అది రాలేదు. పైగా అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఇక్కడిది పాల్. అయినా ఇక్కడి ఔత్సాహికులు ఊరుకోలేదు. బయటి దేశాల నుంచి టివోలు తెప్పించుకుని, విప్పి, పాల్ పద్ధతికి మార్చి, ఏ చానల్లో ఎప్పుడు ఏం వస్తుందో ఆ పట్టికని తమ సొంత సర్వరు నుంచి అందించుకున్నారు. ఓజ్‌టివో అని పేరు పెట్టుకున్నారు. అధికారికంగా టివో ఆస్ట్రేలియాలో అడుగుపెట్టింది 2008లో, సేవ ఆపేసింది 2017 అక్టోబరు 31న. అంటే కంపెనీ రాకముందే జనం వాడారన్నమాట! (కార్యక్రమాల పట్టిక మీద కూడా ఇక్కడ పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఐస్‌టీవీ అనే చిన్న సంస్థ మీద నైన్ నెట్‌వర్క్ 2006లో కేసు వేస్తే, 2009లో హైకోర్టు ఐస్‌టీవీ పక్షాన తీర్పిచ్చింది. ఇక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టులాంటిది, అంతకన్నా పైకోర్టు లేదు.)

టివోవాళ్ళు లైసెన్సు ప్రకారం లినక్స్ సోర్సు కోడ్ అందరికీ ఇచ్చారు. కానీ తర్వాతి మోడళ్ళలో ఒక మెలిక పెట్టారు. కోడ్ మీరు మార్చుకోవచ్చు, మార్చింది మాత్రం ఆ పెట్టెలో నడవదు, ఎందుకంటే కంపెనీ సంతకం లేని ప్రోగ్రాముని పెట్టె ఒప్పుకోదు. రిచర్డ్ స్టాల్‌మన్ దీనికి 'టివోయిజేషన్' అని పేరుపెట్టి, 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్‌లో దాన్ని అడ్డుకునే షరతు చేర్పించాడు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం ఒప్పుకోలేదు. లినక్స్ కెర్నెల్ ఈ రోజుకీ రెండో వెర్షన్ కిందే ఉంది. నా మొగ్గు స్టాల్‌మన్ వైపే. అమ్మ పెట్టె అనుభవం అయ్యాక మరీను.

ఇక మా బాబాయి సంగతి. ఆయన 2003లో ఇక్కడికొచ్చాడు. నేను 2013లో మాసన్ లేక్స్ క్యాంపస్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చినప్పుడు ఆయన హాల్లో ఒక ముసలి ఎక్స్‌బాక్స్ ఉండేది. 2001లో వచ్చిన మొదటి మోడల్. అది ఆటలు ఆడే యంత్రం. కానీ బాబాయి అందులో ఒక్క ఆట ఆడగా నేను చూడలేదు. ఘంటసాల పాటలు, పాత సినిమాలు, పెళ్ళి వీడియోలు అన్నీ అందులోనే!

ఇదెలా సాధ్యమైందో వినండి. 64 మెగాబైట్ల మెమరీ, 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు ఉన్న ఆ యంత్రం నిజానికి కంప్యూటరే, పైన తాళం వేశారంతే. ఆండ్రూ హువాంగ్ అనే ఎంఐటీ విద్యార్థి (బన్నీ అంటారు) 2002లో ఆ యంత్రం లోపలి చిప్పుల మధ్య పరిగెత్తే సంకేతాలని పట్టుకుని రహస్య తాళంచెవిని బయటికి లాగాడు. దాని మీద 2003లో పుస్తకం రాస్తే, ముందు ఒప్పుకున్న ప్రచురణకర్త భయపడి తప్పుకుంటే, సొంతంగా వేసుకున్నాడు. అదే ఏడాది యంత్రాన్ని విప్పకుండానే, ఒక ఆట తాలూకు 'సేవ్' ఫైల్లో కిటుకు దాచి తాళం తీసే పద్ధతి వచ్చింది. అలా తెరిచిన యంత్రాల కోసం కొందరు ఔత్సాహికులు ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ అనే ప్రోగ్రాం రాశారు. మొదటి పూర్తి వెర్షన్ 2004 జూన్‌లో వచ్చింది. 2014లో దాని పేరు కోడీ అని మార్చారు. అవును, ఇవాళ మీ ఇంట్లో ఉన్న కోడీ అదే! ప్లెక్స్ కూడా ఆ చెట్టు కొమ్మే. టీవీలో అట్టబొమ్మలు వరసగా పేర్చి సినిమా ఎంచుకునే అలవాటు మనకి నేర్పినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు.

"ఇలా తాళాలు తియ్యడం తప్పు కాదా బాబాయ్?" అని అడిగాను ఒకసారి. "ఒరేయ్, ఈ దేశంలో దానికి హైకోర్టు తీర్పుందిరా" అన్నాడు గర్వంగా. ఆయన చెప్పింది సగం నిజం. స్టీవెన్స్ అనే సిడ్నీ ఆసామి ప్లేస్టేషన్లకి చిప్పులు అతికించేవాడు. ఆ చిప్ ఉంటే వేరే దేశంలో కొన్న డిస్కులూ నడుస్తాయి, కాపీ కొట్టిన డిస్కులూ నడుస్తాయి. సోనీ కోర్టుకెక్కింది. 2002లో చిప్పుల విషయంలో స్టీవెన్స్ గెలిచాడు, 2003లో అప్పీలులో సోనీ గెలిచింది, 2005 అక్టోబరు 6న హైకోర్టు ఏకగ్రీవంగా స్టీవెన్స్ పక్షాన తేల్చింది. ఆ తాళం కాపీ చెయ్యడాన్ని ఆపడం లేదు, కాపీ అయిపోయిన తర్వాత నడవకుండా మాత్రమే చేస్తోంది, కాబట్టి చట్టం చెప్పిన రక్షణ సాధనం కిందకి రాదు అన్నారు. మొదటి విచారణలో వినియోగదారుల పక్షాన ఉండే ప్రభుత్వ సంస్థ ఏసీసీసీ కూడా కోర్టుకి సాయంగా వచ్చి తన వాదన వినిపించింది.

బాబాయి చెప్పని రెండో సగం ఏమిటంటే, అప్పటికే అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 2006లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, 2007 జనవరి 1 నుంచి తాళాల మీద నిషేధాన్ని బిగించారు. అయినా ఒక్క కిటికీ తెరిచి ఉంచారు, అదీ మనలాంటి వలస కుటుంబాలకి నేరుగా పనికొచ్చేది. సినిమాకి గానీ కంప్యూటర్ ప్రోగ్రాముకి గానీ వేసిన తాళం, విదేశంలో న్యాయంగా కొన్న ప్రతిని ఇక్కడ నడవనివ్వకుండా ఆపే మేరకు దానికి చట్ట రక్షణ లేదు. డీవీడీల్లో మన దేశం 5వ రీజియన్, ఆస్ట్రేలియా 4వది. కోఠిలో డబ్బిచ్చి కొన్న అసలు డిస్కు అడిలైడ్‌లో నడవకపోతే, ఆ రీజియన్ అడ్డుని తప్పించుకోవడం ఈ నిషేధం కిందకి రాదన్నమాట. (నేను లాయర్ని కాదు, ఇది సలహా కింద తీసుకోకండి!)

2013కి వద్దాం. ఆ జులైలో గూగుల్ అమెరికాలో 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ అనే వేలెడు పరికరం అమ్మకానికి పెట్టింది. నాలుగు రోజులకే జీటీవీహ్యాకర్ అనే బృందం దాని తాళం తీసింది. లోపం ఎక్కడుందో చెప్తే మీరు నమ్మరు. బొత్తాం నొక్కిపట్టి కరెంటిస్తే, అది యూఎస్‌బీ డ్రైవు నుంచి ప్రోగ్రాం తీసుకుంటుంది. తీసుకున్నదాని మీద సంతకం అసలుదో కాదో తేల్చమని లోపలి చిప్‌కి ఇస్తుంది. ఆ చిప్ తేలుస్తుంది కూడా. కానీ ఏం తేల్చిందో ఎవరూ చూడరు! గేటు దగ్గర కాపలావాడు మీ చీటీని లోపలికి పంపాడు, లోపలాయన 'ఇది దొంగ చీటీ' అని రాసి తిప్పి పంపాడు, కాపలావాడు అది చదవకుండానే గేటు బార్లా తీశాడు. అంతే సంగతి.

మా రూమ్మేట్ వాళ్ళన్నయ్య అమెరికా నుంచి ఒకటి పంపించాడు. ముందు తాళం తీసి, తర్వాతే ఇంటర్నెట్‌కి కలపాలి. అది నేను పదిసార్లు చెప్పాను. నేను క్లాసునుంచి వచ్చేసరికి మావాడు "పనిచేస్తోందో లేదో చూద్దామని వై-ఫైకి కలిపాను" అన్నాడు. అది తనంతట తాను అప్‌డేట్ అయిపోయింది. అప్‌డేట్‌లో కాపలావాడికి చదువు నేర్పించారు! 2014 ఆగస్టులో హబ్‌క్యాప్ అనే కొత్త మార్గం వచ్చేసరికి, రూమ్మేట్, క్రోమ్‌కాస్ట్ ఇద్దరూ సిడ్నీ చేరిపోయారు.

తాళం తీసినవాళ్ళకి ఒరిగిందేమిటని అడగొచ్చు. యురేకా రామ్ అనే ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటే డీఎన్‌ఎస్ మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు, అప్‌డేట్ ఎప్పుడు తీసుకోవాలో మనమే నిర్ణయించుకోవచ్చు. చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ 2025 మార్చి 9న ప్రపంచమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మూగబోయాయి. కారణం, లోపలున్న ఒక సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో తీరిపోవడం. పరికరం చెడలేదు, తీగ తెగలేదు. కొద్ది రోజుల్లో గూగుల్ సరిచేసింది గానీ, అంతవరకూ కొన్నవాళ్ళు చెయ్యగలిగింది చేతులు కట్టుకుని కూర్చోవడమే.

ఇక అమ్మ. నాన్నగారు పోయాక 2022 చివర్లో విజయవాడ నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పగలంతా నేను, మా ఆవిడ ఆఫీసుల్లో ఉంటాం, పాప చైల్డ్‌కేర్‌లో. అమ్మకి ఇంగ్లీషు రాదు. తోడుగా ఉన్నవి తెలుగు సీరియళ్ళు, సాయంత్రం ప్రవచనం. తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెట్టె కొన్నాను: ఒకసారి డబ్బు కడితే చాలు, నెలనెలా చందా లేదు, వందల చానళ్ళు! అంత చవగ్గా ఎలా ఇస్తున్నాడని అడగలేదు. ఐటీవాణ్ణే, అయినా అడగలేదు.

2023 జనవరిలో కెనడా సెక్యూరిటీ నిపుణుడు ఒకాయన, తాను కొన్న టీ95 అనే చవక ఆండ్రాయిడ్ పెట్టెలో తయారీలోనే దొంగ ప్రోగ్రాం ఎక్కించి ఉందని బయటపెట్టాడు. అక్టోబరులో హ్యూమన్ సెక్యూరిటీ సంస్థ ఇలాంటివి కనీసం 74,000 పరికరాల్లో ఆనవాళ్ళు చూపింది. ఆ వ్యవహారానికి బ్యాడ్‌బాక్స్ అని పేరు పెట్టింది. 2025లో రెండో విడత లెక్క పది లక్షలు దాటింది. జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ జనాన్ని హెచ్చరించింది. ఈ పెట్టెలు మీ ఇంటి ఇంటర్నెట్‌ని మీకు తెలియకుండా పరాయివాళ్ళకి అద్దెకిస్తాయి. వాడెవడో చేసిన మోసం మీ ఇంటి చిరునామా నుంచి చేసినట్టు కనిపిస్తుంది. దొంగ ఉన్నది ఫర్మ్‌వేర్‌లోనే కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు.

ఆ అక్టోబరు వార్త చదివిన రాత్రి రౌటర్ లెక్కలు తీసి చూశాను. టీవీ ఆపేసి ఉంది, అందరం నిద్రపోతున్నాం, రాత్రి రెండింటికి మా పెట్టె ఎవరెవరితోనో తెగ మాట్లాడుతోంది. ఒళ్ళు జలదరించింది. అదే వై-ఫై మీద నా ఆఫీసు ల్యాప్‌టాపు, పాప ఫొటోలు, బ్యాంకు లావాదేవీలు! అన్నేళ్ళుగా నేను తాళం తియ్యడం అంటే మనవైపువాళ్ళ ఆట అనుకున్నాను. ఇక్కడ రూట్ అధికారం నాకంటే ముందే వేరేవాడు తీసుకున్నాడు.

శుభ్రమైన ఫర్మ్‌వేర్ దొరికితే ఫ్లాష్ చేసేద్దామని దిగాను. వెతికి, ఆ మోడల్ పేరుతో ఉన్నది ఎక్కించాను. తీరా చూస్తే పెట్టె మీద రాసిన పేరొకటి, లోపల బోర్డు ఇంకొకటి. దీపం కూడా వెలగలేదు. మావాళ్ళ భాషలో 'బ్రిక్' అయింది, అంటే ఇటుకరాయి.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ నల్లటి టీవీ ముందు కూచుని ఉంది. తిట్టలేదు. "ఒరేయ్ నాన్నా, బొమ్మ రాకపోయినా ఫర్వాలేదు, తెలుగు మాట వినపడితే చాలురా" అంది. ఆ రాత్రే చందా కట్టి, పేరున్న పరికరం ఒకటి తెప్పించడానికి ఆర్డరిచ్చాను. వచ్చేలోపు వారం పట్టింది. ఆ వారం వంటింట్లో పాత ట్రాన్సిస్టర్ పెట్టాను. ఈ కార్యక్రమం అమ్మకి అలా పరిచయం అయింది. ఇప్పుడు కూడా వంటింట్లో వింటూనే ఉంటుంది.

ఇటుకరాయి ఇంకా గరాజ్‌లో ఉంది. బోర్డు మీద సీరియల్ పోర్టు చుక్కలు నాలుగు కనిపించాయి, దానికి తగిన తీగ తెప్పించాను. ప్రాణం వస్తే ఇంటర్నెట్‌కి కలపకుండా, బాబాయి పాత ఘంటసాల పాటలు వేసి అమ్మకిద్దామని. "కొత్తదాని జోలికి మాత్రం వెళ్ళకు" అని అమ్మ ముందే చెప్పింది.