పట్టా కాగితం, పక్కింటి సాక్ష్యం
(హైదరాబాదు బస్తీల చరిత్ర నుండి)

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. బస్తీలో బతికేవాళ్ళకు ఈ రెంటికంటే కష్టమైనది మూడోది ఒకటుంది. కట్టిన ఇంటి కింద నేల తమదని కాగితం తెచ్చుకోవడం! మన సంఘ సభ్యులలో ఈ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరగని కుటుంబాలు తక్కువే. అందుచేత మన నగరంలో పేదవాడి నేల కథను క్లుప్తంగా చెప్పి, దాని నుండి నేర్చుకోవలసిన ఒక సంగతిని మీ ముందు ఉంచదలిచాము.

ఈ కథ మూసీ ఒడ్డున మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలాది మంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ తరువాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును స్థాపించింది. మన పెద్దలు దానినే ఆరాయిష్-ఎ-బల్దా అనేవారు. ఆ బోర్డు ఇరుకు మొహల్లాలను తొలగించి రోడ్లు వేసింది, పేదలకు తక్కువ అద్దెకు ఇళ్ళు కట్టించింది. అంటే పేదవాడికి గోడలు దొరికాయి గాని నేల దొరకలేదు.

రాజధాని పెరిగిన కొద్దీ పాలమూరు, నల్లగొండ, మెదక్ జిల్లాల నుండి కూలి కోసం జనం వచ్చారు. నాలాల పక్కన, చెరువు గట్ల మీద, రైలు పట్టాల వెంట గుడిసెలు వేసుకున్నారు. రాళ్ళు కొట్టేవారు, రిక్షా తొక్కేవారు, బీడీలు చుట్టేవారు, ఎవరికి ఎక్కడ జాగా దొరికితే అక్కడే. పక్కింటివాడిది ఏ మతమని విచారించి గుడిసె వేసుకునే తీరిక ఎవరికుంది?

మురికివాడల భూమిని సేకరించి బాగుచేయడానికి 1956లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. 1967లో హైదరాబాదులో పట్టణ సమాజాభివృద్ధి పథకం మొదలయింది. బస్తీ సంఘాలు, బాల్వాడీలు, కుట్టు సెంటర్లు దాని ద్వారా వచ్చాయి. తరువాతి కాలంలో పట్టాలు, ఇళ్ళకు బ్యాంకు అప్పులు కూడా వచ్చాయి.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న పని చెబుతున్నాము. ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచి ఇంటి కాగితం తీసి చూడండి. నాలుగు హద్దులు రాసి ఉంటాయి. తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర గల్లీ, దక్షిణాన ఫలానా వారి గోడ అని. మీ కాగితంలో రాములమ్మ పేరుంటే, రాములమ్మ కాగితంలో మీ నాన్నగారి పేరుంటుంది. పక్కవాడి పేరు లేకుండా మన హద్దు నిలవదు. విచారణకు వచ్చిన అధికారి కూడా "వీళ్ళు ఎన్నేళ్ళనుంచి ఉంటున్నారు?" అని ముందుగా అడిగేది పక్కింటివారినే.

1985 జూలై 10న బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో (ఓల్గా టెల్లిస్ కేసు) సుప్రీంకోర్టు, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉన్నదని తీర్పు చెప్పింది. అయితే చట్టప్రకారం ఖాళీ చేయించే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని కూడా అన్నది. ఈ రెండో మాట మనవాళ్ళు చాలామంది మరిచిపోతారు.

కోర్టు నోటీసు కంటే వేగంగా ఇల్లు ఖాళీ చేయించేది ఒకటుంది. అదే పుకారు. 1990 డిసెంబరు అల్లర్లలో నగరంలో వందమందికి పైగా మరణించారు. ప్రాణభయంతో అటువారు ఇటు, ఇటువారు అటు మారిపోయారు. ఆనాటి అల్లర్ల వెనక స్థలాల కబ్జాదారుల చేయి కూడా ఉన్నదని పరిశీలకులు రాశారు. పట్టా లేనివాడికి ఆ నేల మీద ఉండడమే హక్కు. వదిలి పోయాడంటే ఆ హక్కూ పోయినట్లే. అగ్గువకు అమ్ముకున్నవాడు ఏ మతంవాడైనా నష్టం ఒక్కటే. ఆ సమయంలో పక్కవాడి తలుపు ముందు నిలబడ్డ ప్రతి మనిషీ ఒక ఇంటిని కాపాడినట్లే.

2014 డిసెంబరు 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 58 ఇచ్చింది. అభ్యంతరం లేని సర్కారు నేలలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధం చేసే ఉత్తర్వు అది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు వంటివి రుజువులు. నది ఒడ్డువారి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఒకే ఎర్ర అక్షరాలు పడ్డాయి. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. నది బాగుపడాలని అందరికీ ఉంది. కాని ఆ రోజు మూసా, శంకరుడు ఇద్దరి గడపలోనూ ఒకే దిగులు.

కనుక సభ్యులకు మా మనవి ఇది. రసీదులు ఒక్కటి కూడా పారేయకండి, వాటి నకళ్ళు వేరే చోట దాచండి. కాగితం ఇంటి ఆడవారి పేరున రాయించండి. నాలా మీదికి గోడ జరిపి కట్టేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాన నీరు ముందు పక్కింట్లోకే పోతుందని వారికి చెప్పవలసింది మనమే. ఎవరికోసమూ అబద్ధపు సాక్ష్యం చెప్పకండి. పక్కింటి మల్లయ్య విచారణ ఉన్న రోజున కూలి పోయినా సరే, వెళ్ళి నిజం చెప్పి రండి. రేపు మన విచారణ నాడు రావలసినవాడు అతడే.