అంతర్వేది వెళ్లని భక్తురాలు

డొక్కా సీతమ్మగారు (1841-1909) ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారని కోనసీమలో చెప్పుకుంటారు. దారిలో ఎవరో ఆకలితో ఉన్నవాళ్లు, లంకల గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుందని అనుకోవడం విని, పల్లకీ వెనక్కి తిప్పించారట.

ఈ కథలో మనం దయని చూస్తాం. నాకు పని కూడా కనిపిస్తుంది. పాయలు దాటి, పడవలు దిగి బాటసారులు ఏ వేళకొస్తారో తెలీదు. రైసు మిల్లులు లేని రోజులు. వడ్లు దంచాలి, చెరగాలి, నీళ్లు తోడాలి, పొయ్యి రాజెయ్యాలి. ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. దంచినవాళ్ల పేర్లు కథలో లేవు.

ఐరోపాలో, ఇప్పటి బెల్జియం వైపు, 13వ శతాబ్దం నుంచీ బెగీన్లు ఉండేవారు. సన్యాసం పుచ్చుకోకుండానే కలిసి బతుకుతూ, ప్రార్థన చేసుకుంటూ, బట్టలుతికి, నేత నేసి, రోగులకి సేవ చేసి పొట్టపోసుకున్న ఆడవాళ్లు. వాళ్ల వాడలకి గోడలున్నాయి, గేట్లున్నాయి. అందుకే గుర్తుండిపోయారు. అలాంటి 13 వాడలు 1998లో యునెస్కో జాబితాకెక్కాయి.

సీతమ్మగారు సంసారి. ఆవిడ భక్తికి చోటు అత్తింటి వంటిల్లే. వంటింటికి దస్తావేజులుండవు. అన్నపూర్ణ అని దేవతని చేసేశాక, రోకలి పట్టిన చేతుల గురించి అడగడం మానేశాం.

గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరుంది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికీ అదే పేరు. ఆ భోజనం వండేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల రోజు ఎన్నింటికి మొదలవుతుందో ఇప్పుడైనా అడిగి రాసిపెట్టుకోవచ్చు కదా.