జేసీబీ ఒక్క దెబ్బ, ఊరంతా నెట్ బంద్: వైర్ల చరిత్ర

బాన్సువాడ నుంచి మళ్లీ నేనే. ఇవాళ చరిత్ర చెప్తా. రాజులది కాదు, వైర్లది.

2015లో నా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. నెట్ సెంటర్‌లో కూర్చున్నా, నెట్ పోయింది. ఊరి బయట రోడ్డు పనిలో జేసీబీ కేబుల్ తెంపిందట. పక్క సెంటర్‌కి ఉరికినా, అక్కడా అంతే. చివరికి నాన్న బండి మీద బోధన్ పోయి పని కానిచ్చినం. సెంటర్లు ఎన్ని ఉన్నా ఊర్లోకి వచ్చే దారి ఒక్కటే అని ఆ రోజు అర్థమైంది.

1973కి పోదాం. అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఐడియా రాసిండు. పొడుగ్గా ఒకటే కేబుల్, కంప్యూటర్లన్నీ దానికే. దీన్నే బస్ అంటారు. మన నిజాంసాగర్ కాలువ అనుకోండి, పొలాలన్నీ దాని మీదే. కానీ కాలువకు గండి పడితే కింది పొలాలే ఎండుతాయి, పైవాళ్లకు నీళ్లు వస్తాయి కదా? ఇక్కడ అట్ల కాదు. కేబుల్ తెగితే ఆ తెగిన కొసకు సిగ్నల్ తగిలి వెనక్కి వస్తది, అసలు సిగ్నల్‌తో కలిసి గందరగోళం. అందరిదీ బంద్. ఎక్కడ తెగిందో వెతకడం ఇంకో నరకం.

1985లో ఐబీఎం టోకెన్ రింగ్ తెచ్చింది. టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్లే మాట్లాడాలి, నీళ్ల వంతు లాగా. పద్ధతి మంచిదే, ఖర్చే ఎక్కువ.

1990లో టెన్‌బేస్-టీ స్టాండర్డ్ వచ్చింది. ప్రతి కంప్యూటర్ నుంచి టెలిఫోన్ వైరు లాంటిదే ఒక వైరు, నడుమ ఒక డబ్బాకు. ఇది స్టార్. ఒక వైరు తెగితే ఒక్కరిదే పోతది. డబ్బా పోతే అందరిదీ పోతది, నిజమే, కానీ డబ్బా ఎక్కడుందో తెలుసు కదా! నన్నడిగితే స్టార్ గెలిచింది స్పీడ్ వల్ల కాదు, రిపేర్ వల్ల.

ఆఫీసు గదిలో గెలిచింది ఊర్ల మధ్య గెలవాలని లేదు. పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబర్‌లో ఓకే చెప్పింది, తర్వాత దాని పేరే భారత్‌నెట్. మొదట్లో ఎక్కువగా చెట్టు కొమ్మల్లాగా వేసిన్రు. కొమ్మ తెగితే ఆ ఊరు కట్. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో పథకాన్ని మార్చినప్పుడు, మండలం నుంచి పంచాయతీలకు రింగ్ వేయాలన్నరు. ఆఫీసుల్లో ఓడిపోయిన రింగే! ఇక్కడ టోకెన్ లేదు, దారి రెండు వైపులా ఉంటది, అంతే. మన దగ్గర టీ-ఫైబర్‌ కేబుల్‌ను మిషన్ భగీరథ పైపులైన్ల వెంబడి వేసిన్రు. నీళ్ల కోసం తవ్విన కాలువలోనే ఇంటర్నెట్ అన్నట్టు.

రింగ్‌లో ఒకచోట జేసీబీ తగిలితే డేటా అటు నుంచి తిరిగి వస్తది. రెండు చోట్ల తగిలితే, నడుమ ఊర్లు మళ్లీ బోధన్ బండెక్కాల్సిందే. రింగ్ నుంచి మా ఇంటికొచ్చే వైరు మాత్రం ఇప్పటికీ ఒక్కటే, అది కూడా కరెంటు స్తంభం మీద వేలాడుతోంది.