దత్తమండలాలు: రాసుకున్నది ఒకరు, కట్టింది మరొకరు

కడప రైతు ఈస్టిండియా కంపెనీ రైతు కావడానికి నెపోలియన్ కూడా ఒక కారణం అంటే నమ్మబుద్ధి కాదు. అయినా లెక్క అక్కడి నుంచే తీయాలి.

1793లో బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య రాజుకున్న యుద్ధం కరీబియన్ దీవులు, ఈజిప్టు, దక్కను దాకా పాకింది. 1798లో ఈజిప్టులో దిగిన నెపోలియన్ మరుసటేడు జనవరిలో కైరో నుంచి టిప్పు సుల్తానుకు ఉత్తరం రాశాడు. అది టిప్పుకు చేరకుండానే ఇంగ్లీషువాళ్లకు చిక్కింది. హైదరాబాదులో నిజాం కొలువులోనేమో ఫ్రెంచి అధికారి రేమండ్ తయారుచేసిన పటాలాలు ఉండేవి. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన వల్ల వచ్చిందే. గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి టిప్పూ, ఈ పటాలాలూ రెండూ కంట్లో నలుసులే. 1798 సెప్టెంబరులో నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేసుకుని, అక్టోబరులో ఫ్రెంచి పటాలాల ఆయుధాలు దించేయించాడు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు పనీ అయిపోయింది.

ఇక సైన్యం ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? నిజాం అలీఖాన్‌కు 1792 సంధిలో కడప, గండికోట, 1799 పంపకంలో గుత్తి, గుర్రంకొండ దక్కాయి. 1800 అక్టోబరు 12న ఆ వచ్చిందంతా కంపెనీకే రాసిచ్చి, బదులుగా కంపెనీ పటాలాన్ని శాశ్వతంగా తన రక్షణకు ఉంచుకున్నాడు. కర్నూలు నవాబు ఏటా కట్టే లక్ష రూపాయల పేష్కషూ కంపెనీ ఖాతాలోకే మారింది. నిజాంకు ఇందులో పోయిందేమీ లేదు. ఎనిమిదేళ్ల కిందటి దాకా తనది కాని నేలతో తన సింహాసనానికి కాపలా కొనుక్కున్నాడు. ఆ కాపలా కూలి మాత్రం మెట్టచేల మీద పడింది.

కూలి వసూలుకు వచ్చినవాడు థామస్ మన్రో. నిజాం రాసిచ్చిన ఈ ప్రాంతానికే దత్తమండలాలని పేరు; 1800 నుంచి 1807 దాకా వాటికి ఆయనే ప్రధాన కలెక్టరు. ఇక్కడ అప్పటికి 80 మంది దాకా పాలెగాళ్లు ఉన్నారు. సైన్యంతో కొందరిని అణిచి, కొందరిని భరణం మీద కూర్చోబెట్టాడు. ఊళ్లు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. దేవనకొండ దగ్గరి తెర్నేకల్లు 1801లో శిస్తు కట్టబోమని ఎదురు తిరిగింది. కంపెనీ బలగాలు మొదటిసారి మట్టికోట ముందు నుంచి వెనక్కి పోవాల్సి వచ్చింది. ఊరిపెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరితీశారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

1802 నుంచి 33 అడుగుల గొలుసుతో పొలం పొలం కొలిపించి, పాలెగాడి మధ్యవర్తిత్వం లేకుండా రైతు పేరునే పట్టా కట్టాడు మన్రో. రైత్వారీ వేళ్లూనింది ఈ నేలలోనే. అయితే వేసిన శిస్తు మోయలేనంతగా ఉందని ఆయనకే తెలుసు. 1807లో వెళ్తూ వెళ్తూ పాతిక శాతం తగ్గించమని సిఫారసు చేస్తే మద్రాసు ప్రభుత్వం వినలేదు. తగ్గింపు అమలు కావడానికి ఆయనే గవర్నరై రావాల్సి వచ్చింది. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. పాపఘ్ని ఒడ్డున గండిలో బంగారు తోరణం ఆయన కంటబడిందనీ, దాన్ని చూసినవాడు ఎక్కువకాలం బతకడనీ ఒక కథ. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చాడని మరో కథ. శిస్తు వేసిన దొరను దేవుళ్ల పక్కన నిలబెట్టిన జనం ఇంకెక్కడైనా ఉన్నారేమో చూడాలి.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించి ఆ ముక్కనూ కలుపుకున్నారు. భరణాల కథ 1846లో తిరగబడింది. నొస్సం పాలెగాడి మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు పదకొండు రూపాయల చిల్లర దక్కేది. తాత భరణంలో వాటా అడిగితే ఇవ్వలేదు. అప్పటికే ఊరి కాపలా చేసే కట్టుబడి బంట్రోతుల మాన్యాలు కంపెనీ లాగేసుకుంటుండడంతో, ఆ ఉడుకు మీదున్నవాళ్లంతా ఆయన వెంట నడిచారు. జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఆయనను ఉరితీసి, తలను 1877 దాకా కోట మీద వేలాడదీశారు. శ్రీరంగపట్నం కూలి దాదాపు యాభై ఏళ్ల తర్వాత కూడా ఇలా చెల్లుతూనే ఉంది.

1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో ‘దత్తమండలం’ పోయి ‘రాయలసీమ’ వచ్చింది. అంతకన్నా బరువైన మార్పు 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో జరిగింది. ఈసారి సీమ నాయకులు తామే ఎదురుగా కూర్చుని కోస్తావారితో ఒప్పందం రాసుకున్నారు. రాజధాని గానీ హైకోర్టు గానీ కోరుకునే హక్కు, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో ముందు వాటా అందులో ఉన్నాయి.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. ఆ రోజే దత్తమండలాలు రెండు రాష్ట్రాల మధ్య చీలాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు వచ్చాయి. బళ్లారితో పాటు తుంగభద్ర ఆనకట్ట ఉన్న హోస్పేట మైసూరుకు వెళ్లింది. ఆదోనికి నీళ్లు తెచ్చే దిగువ కాలువ ఇప్పటికీ ముందు కర్ణాటక పొలాలు దాటి రావాల్సిందే.