ఏకచక్రపురము – మాయాప్రయోగ ధర్మము



పూర్వము ఇందూరుగా ప్రసిద్ధమైన నిజామాబాదు పట్టణమునకు పడమటి దిక్కున బోధన్ ఉన్నది. నేటివారికి అది చెరకుతోటల సీమ, శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము వెలసిన ఊరు. అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనము ఇదియేయని చరిత్రకారులు పలువురు తలచుచున్నారు. స్థానిక సంప్రదాయము మాత్రము దీనిని మహాభారతములోని ఏకచక్రపురముగా కొలుచుచున్నది. వంగదేశపు వీరభూమి జిల్లాలోనూ ఏకచక్ర యను గ్రామము కలదు; అచటివారిదియు ఇదే విశ్వాసము. స్థలనిర్ణయము ఎట్లున్నను, ఏకచక్రపుర వృత్తాంతములో జిజ్ఞాసువులు విచారింపదగిన ధర్మసూక్ష్మము ఒకటి ఉన్నది. అది మాయాప్రయోగమునకు సంబంధించినది.

ఈ విచారణ కేవలము ప్రాచీనము కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను ప్రకటించిరి. క్రీడాకారులు బల్ల చుట్టు కూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒకరు కథాజగత్తును వర్ణించుచుందురు. సందేహము కలిగినచోట పాచికలు ఫలమును నిర్ణయించును. మాయాకల్పన మంత్రము తొలి నియమావళిలోనే కలదు. 1975లో ఐంద్రజాలికుడు ప్రత్యేక పాత్రగా రూపొందెను. ఆ క్రీడలో మాయ వస్తువును మార్చదు, చూచువాని నమ్మకమును మార్చును. శంకించి పరీక్షించిన వానికి అది తొలగిపోవచ్చును. కావున నేర్పరి యగు క్రీడాకారుడు ఆకాశమున మహాసర్పమును చూపి శత్రువునకు సందేహము కలిగింపడు. తెగిన వంతెనను చూపును, నడవకు అడ్డముగా ఒక మామూలు గోడను నిలుపును. చూచువాడు దేనిని సహజమని తలచునో, దానిని పరీక్షింపడు. మాయకు బలము ఆడంబరమున లేదు, ఔచిత్యమున ఉన్నది.

ఏకచక్రపురమున జరిగినదియు ఇదియే. లక్కయింటి నుండి వెలువడిన పాండవులు బ్రాహ్మణవేషమున భిక్షాటనము చేయుచు ఒక విప్రుని ఇంట నివసించిరి. భిక్షకై వచ్చు బ్రాహ్మణులు ఆ ఊరికి వింత కారు గనుక ఎవరును శంకింపలేదు. బకాసురునకు బండెడు అన్నము, రెండు దున్నపోతులు, ఒక మనుష్యుడు వంతు చొప్పున ఆహారముగా పోవలెను. విప్రుని వంతు రాగా కుంతీదేవి భీముని పంప నిశ్చయించెను. తన కుమారుడు మంత్రసిద్ధుడనియు, ఈ సంగతి ఎవరికిని తెలియరాదనియు ఆమె విప్రునితో చెప్పెను. బకుడు హతుడైన పిమ్మట ఆ విప్రుడు పౌరులకు మంత్రసిద్ధుడగు ఒక బ్రాహ్మణుడు తమను రక్షించెనని తెలిపెను. పౌరులు సంతసించిరి, పాండవుల రహస్యము నిలిచెను. ఒక్క మాటతో కట్టిన మాయ ఇది.

మాయను రాజనీతి సైతము ఉపేక్షింపలేదు. కామందకుని నీతిసారము సామ, దాన, భేద, దండములతో పాటు మాయ, ఉపేక్ష, ఇంద్రజాలములను చేర్చి ఉపాయములు ఏడని లెక్కించెను. ఉపాయమైనంత మాత్రమున అది ధర్మమగునా? మాయ యొక్క మూల్యమును ఎవరు చెల్లించుచున్నారని అడిగినచో సమాధానము దొరకును.

రెండు అగ్నులను పోల్చి చూడుడు. హర్షుని రత్నావళీ నాటికలో మంత్రి యౌగంధరాయణుడు నియోగించిన ఐంద్రజాలికుడు అంతఃపురము కాలుచున్నట్లు భ్రమ కల్పించును. అచట బంధించి ఉంచిన సాగరిక గుర్తుకు వచ్చి రాణి వాసవదత్త ఆక్రోశించును; రాజు ఉదయనుడు మంటలలోనికి దుమికి ఆమెను వెలుపలికి తెచ్చును. మంట మాయమగును, ఆమె సింహళ రాజకుమారి రత్నావళి యని తేలును. ఎవరును కాలలేదు, ఒక బందీ విడుదలయ్యెను. లక్కయింటి అగ్ని అట్టిది కాదు. పాండవులు మరణించిరని లోకము నమ్మినది నిజమైన కళేబరములను చూచి. అవి విందుకు వచ్చి అచటనే నిద్రించిన ఒక నిషాద స్త్రీవి, ఆమె ఐదుగురు కుమారులవి. ఆ భ్రాంతి పాండవులను కాపాడెను. దాని మూల్యమును పేరు సైతము తెలియని ఆరుగురు చెల్లించిరి. ఇతిహాసము ఈ సంగతిని దాచలేదు. చదువరియు దాటిపోరాదు.

మయసభ మూడవ దృష్టాంతము. స్ఫటికపు నేలను నీరనియు, నీటిని నేలయనియు భ్రమించి దుర్యోధనుడు మడుగున పడెను. చూచినవారు నవ్విరి. అతిథి అవమానమే ద్యూతమునకు బీజమయ్యెను, ద్యూతము కురుక్షేత్రమునకు దారి తీసెను. ఏకచక్రమున మాత్రము, మాయ కల్పించినవారే ఆపదను నెత్తికెత్తుకొనిరి. బకుని ముందుకు పోయినది కుంతి కన్నకొడుకే గాని పరుల బిడ్డ కాడు. ఆ మాయకు ధార్మికత అబ్బినది ఇందువలననే.

మాయను ప్రయోగించువానికి మరియొక నియమము కలదు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున ఒక మాయావిని ఉదాహరించిరి. కత్తి, డాలు ధరించి త్రాటిపై ఆకాశమునకు ఎక్కుచున్నట్లు కనబడువాడు ఒకడు. పరమార్థముగా నేలపై నిలిచియున్న మాయావి వేరు. చూచువారు భ్రమింతురు గాని మాయావి భ్రమింపడు. బల్ల చుట్టు కూర్చున్న క్రీడాకారుడును పాచికలు ముగియగనే పాత్రను విడిచి లేచును. పాత్రను ధరించుట దోషము కాదు, తానే పాత్రయని మరచుట బంధము. ఈ వివేకము ఉన్నవాని చేతిలో మాయ సాధనమగును; లేనివాడు తన మాయకు తానే మొదటి బందీ యగును.

స్వస్తి.