ఇసుకపై మంత్రము

కుంభకోణమునకు చేరువనున్న తిరువిశనల్లూరును తంజావూరు మరాఠా ప్రభువు శాహజీ 1693లో పండితులకు అగ్రహారముగా నొసగెను. సదాశివ బ్రహ్మేంద్రులు అచటనే విద్య నభ్యసించిరి. తెనుగు కుటుంబమున జన్మించిరని సంప్రదాయము. దక్షిణదేశపు తెలుగువారు ఆయనను తమవాడందురు; కాని ప్రసిద్ధములైన ఆయన కీర్తనలన్నియు సంస్కృతమే.

వాదమున నెదిరిని నిలువనీయని యీ యువకుని గురువు పరమశివేంద్ర సరస్వతి, నాలుక నదుపులో నుంచుకొనవా యని మందలించిరట. నాటినుండి ఆయన మౌని. వాక్కు మనస్సుతోగూడ బ్రహ్మమునందక మరలునని తైత్తిరీయము చెప్పుచున్నది. ఆ మాట చెప్పుటకును వాక్కే కావలసెను గదా! సదాశివులును పలుకుట మానిరిగాని వ్రాయుట మానలేదు. అయినను ఆత్మవిద్యావిలాసమున ఆత్మ యిట్టిదని నిర్వచించుటకంటె, ఆత్మజ్ఞాని లోకమున నెట్లు మెలగునో చూపుటకే పూనుకొనిరి. చెప్పరానిదానికి చుట్టుదారి యదియొక్కటే కాబోలు.

పుదుక్కోట ప్రభువు విజయరఘునాథ రాయ తొండమాన్ (1730–1769) అడవిలో దర్శింపవచ్చినపుడు, దక్షిణామూర్తి మంత్రమును ఇసుకపై వ్రాసి చూపిరని ఆ సంస్థానపు ఐతిహ్యము. దక్షిణామూర్తియు మౌనముననే బోధించిన గురువు. రాజు ఆ యిసుకను కోటకు తెచ్చి పూజయందుంచెను. ఎత్తినంతనే యక్షరములు చెదరియుండవలెను. పూజలో నిలిచినది ఇసుక మాత్రమే.

సదాశివుల సమాధి కరూరు చెంత నేరూరున కలదు. పుదుక్కోటలో నవరాత్రులకు పంచిన చిన్న రాగి అమ్మన్‌కాసుపై, ఒకవైపు బృహదంబ, రెండవవైపు తెలుగు లిపిలో ‘విజయ’ యను మూడక్షరములు. అవి నేటికిని చదువవచ్చును.