కంటి లేజరు చికిత్స: పుట్టుపూర్వోత్తరాలు



లేజరు చేయించుకుని కళ్ళజోడు తీసేస్తామని మన మనుమలు, మనుమరాళ్ళు ఉత్సాహపడుతున్న రోజులివి. ఆ చికిత్స ఎలా పుట్టిందో, అందులో మనవంటివారు గమనించవలసినదేమిటో క్లుప్తంగా మనవి చేస్తాను.

కంటి ముందుభాగాన అద్దంలా ఉండే పొర కార్నియా. దాని వంపును సరిచేస్తే చూపు కుదురుతుందన్న ఆలోచన పాతదే. డాక్టర్ హోసే బరాకెర్ 1949లోనే ఈ దారి తొక్కారు. కార్నియా పలకను కోసి, గడ్డకట్టించి, లేతు మీద చెక్కి తిరిగి అమర్చడం ఆయన పద్ధతి. 1970 దశకంలో మాస్కోలో డాక్టర్ ఫ్యొదొరోవ్ కార్నియాపై సన్నని గాట్లు పెట్టి హ్రస్వదృష్టికి చికిత్స చేశారు. అయితే కొందరికి ఏళ్ళు గడిచాక చూపు మళ్ళీ మారింది.

అసలు మలుపు తిప్పినవారిలో ఒకరు మద్రాసులో 1929లో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళి, ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో పనిచేశారు. 1981 నవంబరు 27న, ముందురోజు పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసాన్ని తెచ్చి, దానిపై ఎక్సైమర్ లేజరు ప్రసరింపజేశారు. గాటు శుభ్రంగా పడింది, చుట్టుపక్కల కమిలిన జాడ లేదు! ఆ అతినీలలోహిత కాంతి అణువుల బంధాలను తెంచి, వేడి పాకేలోగానే పలుచని పొరను ఎగరగొడుతుంది. ఆయనకు, సహచరులు వైన్, బ్లమ్‌లకు 2013లో అమెరికా అధ్యక్షుడు జాతీయ పతకం బహూకరించారు.

1983లో డాక్టర్ ట్రోకెల్ ఈ లేజరు కార్నియాకు పనికివస్తుందని చూపించారు. 1990 ప్రాంతంలో గ్రీసు వైద్యుడు పల్లికారిస్, కార్నియా పైపొరను మూతలా లేపి లోపల లేజరు ప్రయోగించి మళ్ళీ మూసే పద్ధతిని రూపొందించారు. అదే లాసిక్. కార్నియాపై లేజరు చికిత్సకు అమెరికా ప్రభుత్వం 1995లో అనుమతినిచ్చింది.

ఇక మన సంగతి. నలభై దాటాక వచ్చే చత్వారానికి, ఆపైన వచ్చే శుక్లానికి మూలం కార్నియా కాదు, కంటిలోపలి కటకం. లాసిక్‌తో శుక్లం పోదు. పైగా ఇప్పుడు లాసిక్ చేయించుకున్నవారికీ ముందుముందు శుక్లం రావచ్చు. అప్పుడు అమర్చే కృత్రిమ కటకం పవరును లెక్కకట్టడంలో కార్నియా వంపునూ చూస్తారు. ఆ వంపు మారి ఉంటుంది కనుక, లేజరు సంగతి చెప్పకపోతే లెక్క తప్పే ప్రమాదముంది.

జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాడిగా నా విన్నపం ఒక్కటే. పిల్లలు చికిత్స చేయించుకుంటే, అంతకుముందు తీసిన కంటి కొలతల కాగితాలను, మనం పి.పి.ఓ.ను దాచుకున్నంత భద్రంగా దాచుకోమనండి.